చెయ్యి ఆగిన చోట

ధవళేశ్వరం,
మంగళవారం.

సూర్యకళా,

నువ్వూ పిల్లా కులాసాగా ఉన్నారనుకుంటాను. చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరమేంటని మీ అమ్మగారు మూతి తిప్పుతారు. తిప్పనీ. ఫోన్ అంటే మనసులోకి వచ్చింది వచ్చినట్టు కక్కేయడం. ఉత్తరమైతే రాయాలి, మడవాలి, చొక్కా వేసుకుని పోస్టాఫీసు దాకా నడవాలి. ఈలోగా పనికిమాలిన మాటలన్నీ రాలిపోతాయి. మిగిలినవే నీ దాకా వస్తున్నాయి కాబట్టి నిదానంగా చదువుకో.

ముందు జాతర సంగతి తేల్చేద్దాం. మీ పెద్దాపురంలో మరిడమ్మ జాతర కదా అని, అల్లుడు రాలేదంటారు కదా అని, సెలవు పెట్టుకుని వచ్చాను. గుడి దారిలో మా షాపు కేషియరు రమేష్ బాబు గారు కుటుంబంతో కనిపించారు. వాళ్ళావిడ చేతుల నిండా సంచులే. ప్లాస్టిక్ పూలు, జల్లెడలు, చపాతీ పీట, ఇంట్లో అటక మీద ఇప్పటికే పడి ఉండే సరుకంతా మళ్ళీ కొంది. ఆయన నన్ను చూసి, "ఏంటండీ అప్పాజీ గారూ, తీర్థానికొచ్చి వట్టి చేతుల్తో వెళ్ళిపోతారా?" అన్నారు. నేను కాస్త గర్వంగానే, "మా ఆవిడకి ఆ జబ్బు లేదండి. ఏం చూసినా చెయ్యి చాపదు" అన్నాను. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే ఆయన చూపు నా భుజం మీదుగా వెళ్ళింది. తిరిగి చూద్దును కదా, నువ్వు గాజులావిడ ముందు పీట మీద కూచుని రెండు చేతులూ చాపి ఉన్నావు. రమేష్ బాబు గారు ఒక్క మాట కూడా అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఇప్పటికీ అరగడం లేదు.

నేనేమైనా అరిచానా? చెయ్యి చేసుకున్నానా? "తీసి ఇచ్చెయ్" అన్నాను, అంతే. ఆ గాజులావిడ మధ్యలో దూరి, "వద్దు బాబూ, అమ్మవారి తీర్థంలో వేసిన గాజులు తియ్యకూడదు. డబ్బులివ్వకపోతే పోనీండి, అమ్మాయి చేతికి ఉంచెయ్యండి" అంది. మీ అమ్మగారిదీ అదే పాట. ఊరికే వచ్చింది కొన్నదాని కంటే ప్రమాదమని మీకెవరికీ తెలీదు. మా షాపు గుమ్మంలో చల్లటి డ్రింకు ఎందుకు చేతిలో పెడతామనుకున్నావు? ఊరికే పుచ్చుకున్న మనిషి వట్టినే లేచి వెళ్ళడానికి మొహమాట పడతాడు. అందుకే టీ కొట్టు నుంచి సబ్బు నీళ్ళు తెప్పించి నేనే తీశాను. ఒక్క గాజు చిట్లలేదు. నీ చేతి మీద గీత పడలేదు. అంత నేర్పుగా తీసిన సంగతి ఎవరికీ పట్టలేదు. నీ పాత గాజులు ఆవిడ అప్పటికే తీసి పారేసింది, అది నా తప్పు కాదు. బోసి చేతులు చూసి మీ అమ్మగారు రోడ్డు మీదే శోకాలు మొదలెట్టారు. మొగుడు పోయినప్పుడు తీస్తారట. తీసిన మొగుడు నిక్షేపంలా ఎదురుగా నిలబడి ఉంటే ఇక అరిష్టమేంటి?

నీకు తెలుసు, నాది రాజమండ్రి చీరల షాపులో ఫ్లోర్ చూసే ఉద్యోగం. కొత్తగా చేరిన పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠం ఒకటే. ఆడవాళ్ళ మొహం చూడకండి, మొహం అబద్ధం చెప్తుంది. చెయ్యి చూడండి. పరుపు మీద పాతిక చీరలు విప్పి పడెయ్యండి. "ఏదీ బాలేదండీ" అంటూనే ఆవిడ చెయ్యి ఒక చీర మీద ఆగుతుంది. తీసేస్తుంది, మాటల్లో పడుతుంది, తెలీకుండా మళ్ళీ అక్కడికే వస్తుంది. అప్పుడు మిగతావన్నీ మడిచెయ్యండి, అదొక్కటే ఉంచండి, భుజం మీద వేసి అద్దం వైపు తిప్పండి. ఇక ఆవిడ మన మనిషి. బయల్దేరినప్పుడు ఆవిడకి ఆ చీర అక్కర్లేదు, ఇంటికెళ్ళాక కూడా అక్కర్లేదు. ఆ మధ్యలో కాసేపు మాత్రం అది లేకపోతే బతకలేననిపిస్తుంది. మేం బతికేది ఆ కాసేపటి మీదే. రోజంతా జనాన్ని అలా పడగొట్టి ఇంటికొచ్చే మనిషికి, ఇంట్లో కూడా అదే మనిషి ఎదురైతే ఎలా ఉంటుందో ఆలోచించు.

మన దుర్గని చూసి నేర్చుకో. ఇంకా మూడో తరగతి దాటలేదు, నీ కంటే నయం. జాతరలో పీచు మిఠాయి వాడు సరిగ్గా దాని ముందే గంట కొట్టాడు. దాని కళ్ళు అటు వెళ్ళాయి, ఇటు వచ్చేశాయి. పెదవి కదల్లేదు. నేను నేర్పింది అదే. ఏదైనా అనిపించగానే నోరు విప్పకు, ఊపిరి పీల్చుకుని ఆగు, ఆగితే దానంతట అదే పోతుంది అని. పక్కనున్న పిల్లలు నేల మీద పడి దొర్లుతుంటే మన పిల్ల రాణిలా నిలబడింది. దానికి బడి పోతోంది. రెండు రోజుల్లో తీసుకుని వచ్చెయ్. గాజుల విషయం నేను మళ్ళీ ఎత్తను.

నీ మేలు కోరేవాడు,
అప్పాజీ.


ధవళేశ్వరం,
శుక్రవారం.

సూర్యకళా,

నువ్వు రాలేదు, జవాబూ రాలేదు. బదులుగా మీ తమ్ముడు కిరణ్ నిన్న సాయంత్రం ఒకటే ఫోన్లు. నేను ఎత్తలేదు. శ్రావణమాసం సరుకు దిగుతున్న వేళ. పైగా మోగిన ఫోన్ మోగినట్టే ఎత్తడమూ ఆత్రమేనని అతనికి ఎన్నోసార్లు చెప్పాను. తర్వాత మెసేజి పెట్టాడు: "బావగారూ, పాప ఏమీ తినట్లేదు, అర్జెంటుగా ఫోన్ ఎత్తండి." ఇదా అర్జెంటు? మీ ఇంట్లో పిల్ల పూటకో చిరుతిండి అడక్కపోతే జబ్బు చేసిందనుకుంటారు. తిండి మీద కూడా పిల్లకి అదుపు వచ్చిందంటే నాకు సంతోషమే. మీ అమ్మగారిని పళ్ళెం పట్టుకుని దాని వెంట తిరగొద్దని చెప్పు. ఆకలేస్తే అదే తింటుంది.

నువ్వు నన్ను రాతిగుండె వాడనుకుంటున్నావు. కాదని చెప్పడానికే ఇప్పుడొక సంగతి రాస్తున్నాను. పెళ్ళివాళ్ళ ఇళ్ళకి పంపి చూపించే చీరల మూటలు అప్పుడప్పుడూ మనింటికి తెచ్చేవాణ్ణి. "పొద్దున్నే మండపేట తీసుకెళ్ళాలి, ఇక్కడుండనీ" అనేవాణ్ణి. మర్నాడు పెళ్ళివాళ్ళు వాయిదా వేశారనేవాణ్ణి. అలా వారమో, ఇంకా ఎక్కువో ఆ మూట మన మంచం పక్కనే ఉండేది. మండపేటా లేదు, పెళ్ళీ లేదు. నీ కోసమే తెచ్చేవాణ్ణి.

నువ్వు ముడి విప్పి చూస్తావని నాకు తెలుసు. విప్పేదానివి. నేను వంటింటి గుమ్మం పక్క నుంచి నీ చెయ్యి చూసేవాణ్ణి. ఓసారి చిలకపచ్చ ఉప్పాడ చీర మీద ఆగింది. జరీ అంచు వెంట నీ వేలు నిదానంగా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళింది. షాపులో అయితే అద్దం ముందుకు తిప్పెయ్యాల్సిన సమయం అది. నేను లోపలికి వచ్చి మామూలుగా, "నచ్చిందా? కావాలా?" అని అడిగాను. నీ గొంతులో ముద్ద దిగడం కనిపించింది. "వద్దండి, ఊరికే చూశాను" అన్నావు. ఆ మాట కోసం నేను ఎంత ఎదురుచూశానో నీకు తెలీదు. మర్నాడు ఆ చీర షాపులో వేరేవాళ్ళ భుజం మీద వేస్తూ నిన్నే తల్చుకున్నాను. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఓడిపోయే చోట నా భార్య గెలిచింది అనుకున్నాను. ఒళ్ళు గట్టిపడాలంటే కసరత్తు చెయ్యాలి, మనసుకీ అంతే. ఇంత శ్రద్ధ ఏ మొగుడు పెళ్ళాం మీద పెట్టాడో చెప్పు.

ఇదంతా గాజుల దగ్గర బూడిదలో పోసిన పన్నీరు చేశావు. పోనీ, నీకు రావడం ఇష్టం లేదంటే నీ ఇష్టం, మీ అమ్మగారి ఒళ్ళో కూచుని కావాల్సినన్ని గాజులు తొడుక్కో. పిల్లని మాత్రం పంపు. కిరణ్‌ని బస్సులో దింపమను. నేను మలిచిన పిల్లని మీ ఇంట్లో మళ్ళీ మట్టి చెయ్యనివ్వను. అది నా దగ్గర పెరగాలి.

అప్పాజీ.


ధవళేశ్వరం,
బుధవారం.

సూర్యా,

నిన్న నీకు ఫోన్ చేశాను. ఆపేసి ఉంది. మీ అమ్మగారికి చేశాను, ఎత్తలేదు. కిరణ్ ఎత్తి, నా గొంతు వినగానే పెట్టేశాడు. మళ్ళీ చేశాను. ఎన్నిసార్లు చేశానో చెప్పను, చెప్తే నువ్వు నవ్వుతావు.

ఇల్లు ఏమీ బాలేదు. పొద్దున్న లేవగానే, "దుర్గా, బూట్లు" అని పిలిచాను. ఎవరూ పలక్కపోతే అప్పుడు గుర్తొచ్చింది. షాపులో నా పని కూడా పాడవుతోంది. నిన్న రావులపాలెం నుంచి ఒకావిడ వచ్చారు. పక్కన దుర్గ ఈడు పిల్ల. ఆవిడ చెయ్యి ఒక చీర మీద ఆగింది, మా కుర్రవాడు నా వైపు చూశాడు, మిగతావి మడవమని నేను సైగ చెయ్యాలి. చెయ్యలేకపోయాను. ఆ పిల్ల వాళ్ళమ్మ కొంగు పట్టుకుని, "అమ్మా, క్లిప్పులు, అమ్మా, క్లిప్పులు" అని ఒకటే గొడవ. బిల్లు కౌంటరు దగ్గర పిల్లల కళ్ళ ఎత్తులో ఆ క్లిప్పులు వేలాడదీయించింది నేనే. దుర్గ ఎన్నోసార్లు షాపుకి వచ్చింది, ఎప్పుడూ అటు చూసి అడగలేదు. ఇన్నాళ్ళూ అది నా గొప్ప అనుకున్నాను. నిన్న మాత్రం ఆ పిల్ల గోల వింటూ, ఒక్కసారైనా దుర్గ ఇలా నా చొక్కా పట్టుకుని లాగి ఉంటే ఎంత బావుండేదో అనిపించింది.

సాయంత్రం డ్యూటీ దిగి ఆటో ఎక్కడానికి వస్తూ సైకిళ్ళ కొట్టు ముందు ఆగిపోయాను. చిన్న నీలం సైకిలు. ముందు బుట్ట, హ్యాండిల్‌కి కుచ్చులు. దుర్గని షాపుకి తెచ్చినప్పుడల్లా ఆ కొట్టు దగ్గర దాని నడక కొంచెం నెమ్మదయ్యేది. నేను గమనించేవాణ్ణి, లోపల్లోపల శభాష్ అనుకునేవాణ్ణి. నిన్న నేనే లోపలికి వెళ్ళాను. ధర అడగలేదు. బేరమాడలేదు. ఇంటికెళ్ళి ఆలోచిద్దాం అని కూడా అనుకోలేదు. కొట్టువాడు "గంట కూడా బిగించమంటారా అండి?" అంటే బిగించమన్నాను. వాడు నన్ను పడగొడుతున్నాడని తెలుస్తూనే ఉంది, తెలిసీ పడ్డాను. ఆటో వెనక కట్టించుకుని కాలవ గట్టు మీదుగా వస్తుంటే గుంతలో పడ్డప్పుడల్లా ఆ గంట దానంతట అదే మోగింది. పక్కింటి చిట్టియ్య గారు చూసి, "పాప వచ్చేసిందాండీ?" అని అడిగారు. అవునన్నట్టు తల ఊపాను.

సూర్యా, గాజులు నేను తీయకుండా ఉండాల్సింది అని రాయమంటే రాస్తాను. అంతకంటే ఎక్కువ కావాలన్నా రాస్తాను. నువ్వే చెప్పు ఏం రాయాలో. ఆదివారం పొద్దున్నే సైకిలు పట్టుకుని పెద్దాపురం వస్తున్నాను. దుర్గతో చెప్పు. నాన్న అడక్కుండానే కొన్నాడని చెప్పు.

మీ అప్పాజీ.


కాకినాడ,
శనివారం.

ఏమండీ,

ఈ ఉత్తరం కిరణ్ చేతికిచ్చి పంపుతున్నాను. పోస్టులో వేస్తే మీరు సైకిలు పట్టుకుని బయల్దేరాక చేరుతుంది.

మీ ఉత్తరాలు మూడూ అందాయి. మొదటిది పెద్దాపురంలో చదివాను. తర్వాతి రెండూ కిరణ్ ఇక్కడికి తెచ్చిచ్చాడు, ఆసుపత్రి వార్డులో కూచుని చదివాను. దుర్గకి ఆపరేషన్ జరిగింది. కడుపులో అపెండిక్స్ పగిలిపోయింది. ఇప్పుడు ప్రాణానికి భయం లేదన్నారు. ముందే చెప్పేస్తున్నది మీరు కంగారు పడకూడదని కాదు, మిగతాది మీకిష్టమైనట్టు నిదానంగా చదువుకుంటారని. రాజమండ్రిలో పెద్ద ఆసుపత్రులున్నాయి కదా అంటారేమో. అక్కడ మీరున్నారు.

మీ మొదటి ఉత్తరం వచ్చేనాటికే పిల్ల అన్నం ముందు కూచుని మెతుకులు కెలికేది. "ఆకల్లేదమ్మా" అనేది. అమ్మ వాము నీళ్ళు పట్టింది, తాగింది. అరుగు మీద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కూచునేది, ఎవరైనా చూస్తే కాళ్ళు చాపి నవ్వేది. నేను నా ఏడుపులో ఉండి చూసుకోలేదు. గురువారం సాయంత్రం స్నానాల గదిలో పడిపోతే అమ్మ చూసింది. ఒళ్ళు కాలిపోతోంది. కిరణ్ కారు మాట్లాడుతూ ఒక పక్క మీకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఒంటరిగా ఉన్న మనిషి హడలిపోతారని మెసేజిలో తిండి సంగతి ఒక్కటే పెట్టాడు. మీకు సరుకు దిగుతోంది.

ఇక్కడ డాక్టరు గారు దాని కడుపు నొక్కుతూ, "నొప్పి ఎప్పట్నించమ్మా?" అని అడిగారు. "మొన్నట్నించండి" అంది. "మరి అమ్మకెందుకు చెప్పలేదు?" అన్నారు. ఆ మాటకి ఇది ఏం చెప్పిందో అక్షరం మార్చకుండా రాస్తున్నాను. "అనిపించగానే చెప్పకూడదండి. ఊపిరి పీల్చుకుని ఆగాలండి. ఆగితే దానంతట అదే పోతుందండి." ఆయన తలెత్తి నా వైపు చూశారు. పిల్లకి ఇది నేర్పింది నేనే అనుకున్నారు. కాదని చెప్పలేదు. ఎవరు నేర్పినా ఇంట్లో వింటూ కూచున్నది నేనే కదా.

ఇంకొకటి ఉంది. మధ్యలో, గురువారం మధ్యాహ్నం, నొప్పి నిజంగానే తగ్గిందట. ఒక్కసారిగా హాయిగా అనిపించిందట. అది మత్తు దిగాక నాతో చెప్పింది. "పోయిందమ్మా, నాన్న చెప్పినట్టే పోయింది. నేను గెలిచేశాననుకున్నాను" అంది. అపెండిక్స్ పగిలినప్పుడు కాసేపు అలాగే తగ్గుతుందని డాక్టరు గారు చెప్పారు. మీ పిల్ల గెలిచానని నవ్వుకున్నప్పుడు దాని కడుపు నిండా చీము పాకుతోంది. మర్నాడు మీరు రాశారు, తిండి మీద కూడా అదుపొచ్చినందుకు సంతోషమని. ఆ వాక్యం నేను దాని మంచం పక్కన కూచుని చదివాను. చింపుదామనుకున్నాను. చింపలేదు, దాచాను. పెద్దయ్యాక అది అడిగితే చూపించాలి.

ఇక మీ చీరల సంగతి. అదేదో పెద్ద రహస్యం విప్పినట్టు రాశారు. నాకు మొదటి మూటకే తెలుసు. పెళ్ళివాళ్ళ సరుకే అయితే మీరు పిల్లిలా గుమ్మం పక్కన నక్కి నా చేతినెందుకు చూస్తారు? వాటిలో ఒక్క చీరా నాకు నచ్చలేదు. ఆ చిలకపచ్చ నా ఒంటికి నప్పదని మీకు కూడా తెలుసు. అయినా చెయ్యి ఆపేదాన్ని. అంచు వెంట వేలు పోనిచ్చేదాన్ని, వెనక్కి తెచ్చేదాన్ని, గుటక వేసేదాన్ని. ఎందుకంటే ఆ మూట ఇంట్లో ఉన్నన్నాళ్ళే మీరు నన్ను చూసేవారు. తక్కిన రోజుల్లో మీకు అన్నం వడ్డించే చెయ్యి నాదో పనిమనిషిదో మీకు తెలీదు. మూట వెళ్ళిపోయిన మర్నాటి నుంచి మళ్ళీ ఎప్పుడు తెస్తారా అని ఎదురుచూసేదాన్ని. చీరల కోసం కాదు. ఆడవాళ్ళ చేతులు చదివి జీతం తీసుకునే మనిషి ఇంట్లో ఒక్క చేతిని ఇన్నేళ్ళూ తప్పుగా చదివారు. ఈ మాట మీ కుర్రవాళ్ళకి పాఠంలో చెప్పండి.

గాజులు మాత్రం నాకు నిజంగా కావాలనిపించాయి. అందుకే మీరు అటు తిరిగినప్పుడు కూచున్నాను. అవి నా చేతి మీద ఉన్న ఆ కాస్తసేపూ నేను ఎవరికీ ఏమీ నటించలేదు. మీరు సబ్బు రాసి తీసేటప్పుడు చెయ్యి వెనక్కి లాక్కోనందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను. అరిష్టమని అమ్మ ఏడ్చింది కానీ నేను అందుకు ఏడవలేదు. జనం చూస్తుంటే దుర్గ కూడా చూసింది, చూసి తలదించుకుని తన చేతికున్న రబ్బరు గాజు తనే తీసి నాకిచ్చింది. మీరు ఆ పక్కకి చూడలేదు. పీచు మిఠాయి దగ్గర మాత్రం చూశారు.

మీ మూడో ఉత్తరం చదివి అమ్మ మెత్తబడింది. "పోనీలే, మారాడు కదే" అంది. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది, అబద్ధమెందుకు. మీకు క్షమాపణ రాయడం రాదని తెలుసు, ఆ మాత్రం రాసినందుకే ఆ కాగితం మళ్ళీ మళ్ళీ చదివాను. అందుకని నిర్ణయం నేను తీసుకోకుండా దుర్గనే అడుగుదామనుకున్నాను.

నిన్న గంజి తాగించాక, "నాన్న నీకు నీలం సైకిలు కొన్నారట" అని చెప్పాను. మొహం వెలుగుతుందని చూశాను. అది సెలైన్ సూది గుచ్చిన చెయ్యి కదపకుండానే, "బుట్ట ఉన్నదేనా?" అంది. అవునన్నాను. "అది ఎప్పుడో పోయిందమ్మా. ఇప్పుడు అనిపించట్లేదు" అంది. బాధగా కూడా అనలేదు. పాత నోటుబుక్కు గురించి చెప్పినట్టు చెప్పింది.

"మరి నాన్నని చూడాలనుందా?" అని అడిగాను. కళ్ళు తలుపు వైపు వెళ్ళాయి, వెంటనే ఇటు వచ్చేశాయి. "ఉంది" అంది. నేను ఫోన్ తీసి మీ నంబరు నొక్కబోయాను. అది తన రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దమ్మా, చెయ్యకు. ఆగుతున్నాను. సగం పోయింది" అంది.

అంచేత మీరు ఆదివారం రాకండి. పిల్ల కష్టపడుతోంది, మధ్యలో వచ్చి చెడగొట్టకండి.

సూర్యకళ.